1979 జెనీవా: వియత్నాం పడవ శరణార్థుల మీద కుదిరిన బేరం ఏమిటి?

గ్రూప్‌వన్_ఆశ
అందరికీ నమస్కారం. ప్రపంచ చరిత్ర చదువుతూ ఒకచోట ఆగిపోయాను. వియత్నాం నుంచి పడవల్లో పారిపోయినవాళ్ల సమస్య 1979 జూలైలో జెనీవా సమావేశంతో పరిష్కారమైందని నా నోట్సులో ఉంది. రెండు పేజీలు తిప్పితే 1989 జూన్‌లో అదే జెనీవాలో అదే సమస్య మీద మళ్లీ సమావేశం! పరిష్కారమైతే పదేళ్లకి మళ్లీ ఎందుకు కూర్చున్నట్టు? మొదటిసారి ఎవరు ఏం ఇచ్చారు, ఎవరు ఏం పుచ్చుకున్నారు? కోచింగ్‌లో అడిగితే "పరీక్షకి అంత లోతు అక్కర్లేదమ్మా" అన్నారు.

గోదావరిగట్టు
ఆశ గారూ, మంచి ప్రశ్న. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తరాది కమ్యూనిస్టుల చేతికి పోయింది. ఆ రోజుల్లో సుమారు 1,30,000 మందిని అమెరికా తనతో తీసుకుపోయింది. పసిఫిక్‌లోని తన దీవి గువామ్‌లో దింపి, అక్కడినుంచి కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్, ఆర్కన్సాలోని ఫోర్ట్ చాఫీ లాంటి సైనిక స్థావరాలకి పంపింది. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. తర్వాత రెండు మూడేళ్లు పడవలు వస్తూనే ఉన్నా, మరీ ఎక్కువ కాదు.

1978లో మొత్తం మారిపోయింది. మార్చిలో హనోయ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వం దక్షిణాన ప్రైవేటు వ్యాపారం రద్దు చేసింది. ఆ దెబ్బ ఎక్కువగా పడింది సైగాన్ పక్కనున్న చోలోన్‌లోని చైనా సంతతి వర్తకుల మీద. మే నెలలో పాత నోట్లు చెల్లవన్నారు. చైనాతో సంబంధాలు అప్పటికే చెడ్డాయి. పొమ్మనలేక పొగబెట్టడం అంటామే, అచ్చంగా అదే. పైగా ఆ పొగకి రుసుము కూడా వసూలు చేశారు. మనిషికి ఇన్ని తైళ్ల బంగారం కడితే అధికారులే చూసీ చూడనట్టు వదిలేవారు. తైల్ అంటే 37 గ్రాముల పైచిలుకు. ఇంటిల్లిపాదికీ లెక్కేసుకోండి.

దాంతో చిన్న పడవలతో పాటు పాత సరుకు ఓడలు కూడా రంగంలోకి దిగాయి. 1978 నవంబరులో హై హాంగ్ అనే ఓడ దాదాపు 2,500 మందితో మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ దగ్గర లంగరేసింది. "వీళ్లు టికెట్టు కొనుక్కున్న ప్రయాణికులు, శరణార్థులు కారు" అని మలేషియా దింపుకోనంది. చివరికి కెనడా, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ వంటివి పంచుకున్నాయి. జర్మనీలో లోయర్ శాక్సనీ రాష్ట్రాధినేత ఎర్న్‌స్ట్ ఆల్బ్రెక్ట్ టీవీలో ఆ దృశ్యాలు చూసి, వెయ్యి మందిని మేం తీసుకుంటామన్నాడు. ఇప్పటి యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ ఆయన కూతురే.

నా దృష్టిలో జెనీవా బేరానికి నమూనా ఆ ఓడ మీదే తయారైంది. తీరం ఉన్న దేశం దింపుకోదు. దూరంగా ఉన్న దేశం "నేను తీసుకుపోతా" అని మాటిస్తేనే గేటు తీస్తుంది.

పుల్లవిరుపు
గట్టు గారూ, అప్పటిదాకా పొగబెట్టింది హనోయ్ అన్నారు, బాగుంది. దానికి ముందు ఆ దేశం మీద బాంబులు ఎవరు కురిపించారు, యుద్ధం తర్వాత వ్యాపారం మీద ఆంక్షలు ఎవరు పెట్టారు అన్నది ఒక్క ముక్క కూడా లేదే? తిలా పాపం తలా పిడికెడు. అమెరికాని పెళ్లిపెద్దలా చూపించకండి.

గోదావరిగట్టు
పుల్లవిరుపు గారూ, అది కూడా కలుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వరి పంట దెబ్బతినడం, 1978 డిసెంబరులో వియత్నాం కంబోడియాలోకి వెళ్లడం, 1979 ఫిబ్రవరి 17న చైనా వియత్నాం మీద దాడి చేయడం, అన్నీ ఉన్నాయి. ఆ దాడి జరిగినప్పుడు మన విదేశాంగ మంత్రి వాజపేయి చైనా పర్యటనలోనే ఉన్నారు. పర్యటన కుదించుకుని వెనక్కి వచ్చేశారు.

ఇక 1979 మొదటి ఆరు నెలలు. అప్పటికి ఇండోచైనా మూడు దేశాల (వియత్నాం, లావోస్, కంబోడియా) నుంచి ఆగ్నేయాసియాకి చేరినవాళ్లు 5.5 లక్షల పైనే. వాళ్లలో 2 లక్షల మంది స్థిరపడనిచ్చిన వేరే దేశాలకి వెళ్లిపోగా, 3.5 లక్షల మంది శిబిరాల్లో ఉండిపోయారు. ఒకరు విమానం ఎక్కేలోపు ముగ్గురు పడవ దిగుతున్నారు. మలేషియాలో పులావ్ బిడాంగ్ అనే దీవి చదరపు కిలోమీటరు ఉంటుందేమో, 1979 జూన్ నాటికి అక్కడ 40,000 మంది. గోనెపట్టాలు, రేకులు, కొట్టేసిన చెట్ల దుంగలతో రెండంతస్తుల గుడిసెలు కట్టుకున్నారు.

జూన్ చివర్లో ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌లోని ఐదు దేశాలూ (ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్) బాలిలో కూర్చుని, మా ఓపిక అయిపోయింది, ఇక కొత్తవాళ్లని రానివ్వం అని ప్రకటించాయి. ఉత్త ప్రకటన కాదు. మలేషియా అప్పటికే పడవలకి తాడు కట్టి మళ్లీ నడి సముద్రంలోకి లాగి వదిలేస్తోంది. థాయిలాండ్ జూన్‌లోనే 40,000 మందికి పైగా కంబోడియన్లని ప్రీ విహార్ కొండ మీదనుంచి కిందికి, మందుపాతరల్లోకి తోలింది.

గ్రూప్‌వన్_ఆశ
ఒక్క సందేహం అండీ. అలా వెనక్కి నెట్టకూడదని 1951 శరణార్థుల ఒప్పందంలో ఉంది కదా? మరి ఆ దేశాలు ఎలా చేశాయి?

కాగజ్‌నగర్_బాబు
ఆశ అక్కా, ఆ ఐదు దేశాల్లో అప్పటికి ఒక్కటి కూడా దాని మీద సంతకం పెట్టలేదు. ఫిలిప్పీన్స్ 1981లో చేరింది. మిగతావి ఇప్పటికీ లేవు. మనం కూడా లేము, గుర్తుంచుకో.

సంతకం లేకపోయినా మన దగ్గర శరణార్థులు లేరా అంటే, మా కాగజ్‌నగర్ చుట్టుపక్కల తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల ఊళ్లే ఉన్నాయి. మా క్లాసులో సగం మంది ఇంట్లో బెంగాలీ, బయట తెలుగు. సంతకం ఒకటి, చేసేది ఒకటి.

బర్మాక్యాంప్_మనవడు
కాగజ్‌నగర్ తమ్ముడూ, మాది విశాఖ. మా పేటకి బర్మా క్యాంప్ అనే పేరు ఊరికే రాలేదు. 1964లో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం రంగూన్‌లో దుకాణాలన్నీ జాతీయం చేస్తే మనవాళ్లు కట్టుబట్టలతో ఓడలెక్కారు. చోలోన్ వర్తకుల కథ చదువుతుంటే మా తాత చెప్పిందే వింటున్నట్టుంది. ఒక తేడా ఉంది. మనవాళ్లని దింపుకోను అని మద్రాసు, విశాఖ రేవులు అనలేదు. వెళ్లడానికి మనకో సొంత దేశం ఉంది. వియత్నాంలోని చైనా సంతతివాళ్లలో ఉత్తరాన ఉన్నవాళ్లు సరిహద్దు దాటి చైనా వెళ్లగలిగారు, రెండున్నర లక్షల మంది దాకా. దక్షిణాన ఉన్నవాళ్లకి సముద్రమే దారి.

మోడరేటర్
బర్మా మీద విడిగా ఒక థ్రెడ్ తెరవండి, చాలామంది రాస్తారు. ఇక్కడ జెనీవా.

గోదావరిగట్టు
వస్తున్నా, జెనీవాకే వస్తున్నా.

1979 జూలై 20, 21. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్ పిలిచారు, 65 ప్రభుత్వాలు వచ్చాయి. అక్కడ కుదిరింది మూడు కాళ్ల ముక్కాలిపీట. ఒక కాలు ఆసియాన్, హాంకాంగ్: వచ్చినవాళ్లని తాత్కాలికంగా దింపుకుంటాం. రెండో కాలు పశ్చిమ దేశాలు: అలా దిగినవాళ్లని మేం తీసుకెళ్తాం. అప్పటిదాకా 1,25,000 మందికి ఉన్న హామీ 2,60,000కి పెరిగింది. అమెరికా అధ్యక్షుడు కార్టర్ అంతకుముందే టోక్యోలో నెలకి 7,000 ఉన్న తమ కోటాని 14,000 చేశారు. కెనడా 50,000 మందిని తీసుకుంటామంది, తర్వాత 60,000కి పెంచింది. జపాన్ మనుషుల్ని పెద్దగా తీసుకోలేదు, డబ్బు బాగా ఇచ్చింది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తమ నేల మీద మజిలీ శిబిరాలకి జాగా ఇచ్చాయి, గలాంగ్, బటాన్ అలా పుట్టినవే.

మూడో కాలు వియత్నాం. ఆ ఏడాది మే 30నే ఐరాస శరణార్థుల సంస్థతో ఒక అంగీకారం చేసుకుంది, వెళ్లాలనుకునేవాళ్లని పద్ధతిగా విమానంలో పంపడానికి. జెనీవాలో ఇంకో మాట ఇచ్చింది: కొంతకాలం పాటు దొంగచాటు ప్రయాణాలని గట్టిగా ఆపుతాం అని.

కంబోడియా ఊసు ఎత్తకూడదని ముందే అనుకున్నారు. ఎత్తితే వియత్నాం లేచిపోతుంది. అమెరికా ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ మాత్రం 1938 ఎవియాన్ సమావేశాన్ని గుర్తు చేశారు. నాజీ జర్మనీ నుంచి పారిపోతున్న యూదులకి చోటివ్వమంటే 32 దేశాలు కూర్చుని సానుభూతి చెప్పి లేచిపోయిన సమావేశం అది. ఆ మాట గుచ్చుకుంది. సభలో చాలామంది ఆ రోజులు ఎరిగిన వయసువాళ్లే.

ఫలితం: 1979 జూలై నుంచి 1982 జూలై వరకు మూడేళ్లలో 20కి పైగా దేశాలు 6,23,800 మందిని తీసుకెళ్లాయి. 1981లో శరణార్థుల సంస్థకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దౌత్యం పనిచేసింది అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పుల్లవిరుపు
ఏం కావాలా? ఆ మూడో కాలు ఏమిటో ఇంకోసారి చదవండి. ఒక నియంతృత్వ ప్రభుత్వాన్ని పిలిచి, "నీ జనాన్ని బయటికి పోనివ్వకు" అని 65 దేశాలు అడిగాయి. సొంత దేశాన్ని విడిచి వెళ్లే హక్కు ప్రతి మనిషికీ ఉందని మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణంలో రాసుకున్నది వీళ్లే. తీరంలో పట్టుబడ్డవాళ్లు జైలుకి పోయారు. జూన్‌లో 50,000 దాటిన పడవ రాకలు ఏడాది చివరికి నెలకి రెండు మూడు వేలకి పడిపోయాయి. అంటే కష్టాలు తగ్గాయనా? తలుపు అవతలివైపు నుంచి గడియ పడిందనా?

గోదావరిగట్టు
మీ మాటలో న్యాయం ఉంది. ఆ రోజు సభలో కూడా కొందరు ఇబ్బంది పడ్డారు. కానీ వేరే దారి చెప్పండి. ఆపమని అడక్కపోతే ఆసియాన్ గేటు తీయదు, తీయకపోతే పడవలు సముద్రంలోకి లాగేయబడతాయి. తాడు కట్టి లాగుతుంటే మునిగిపోయిన పడవలున్నాయి.

సరంగు
మీ ఇద్దరి మాటలూ వింటున్నాను. నేను మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యాను. ఒడ్డున కూర్చుని రాసినవాటిలో ఒక సంగతి ఎప్పుడూ తప్పిపోతుంది: సముద్రంలో ఎదురైన ఓడ.

1980ల మొదట్లో నేను లైబీరియా జెండా ఉన్న సరుకు ఓడలో థర్డ్ మేట్‌ని. జపాన్ నుంచి దక్షిణ చైనా సముద్రం మీదుగా వస్తున్నాం. పొద్దున డ్యూటీలో కనపడింది. నదిలో తిరిగే చెక్క పడవ, మన గోదావరి లాంచీలో సగం కూడా ఉండదు. ఇంజిన్ ఆగిపోయింది. తెడ్డుకి తెల్ల చొక్కా కట్టి ఊపుతున్నారు. దగ్గరికి వెళ్లేదాకా అందులో నలభై మందికి పైగా ఉన్నారని తెలీలేదు, కింద ఒకరి మీద ఒకరు పడుకుని ఉన్నారు. తాగే నీళ్లు డీజిల్ డబ్బాల్లో పోసుకొచ్చారు. పిల్లాడొకడు తాగబోతూ వేలితో పైన తేలుతున్న నూనె తెట్టు పక్కకి నెట్టడం నేను బ్రిడ్జి మీద నుంచి బైనాక్యులర్స్‌లో చూశాను. పైలట్ ల్యాడర్ (ఓడ పక్కన వేసే తాడు నిచ్చెన) వేశాం, పసిపిల్లల్ని బకెట్లలో లాగాం. మాకంటే ముందు చాలా ఓడలు చూసి కూడా వెళ్లిపోయాయని ఒకాయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

ఎందుకు వెళ్లిపోయాయి? మానవత్వం లేక కాదు. ఆ రోజుల్లో సింగపూర్‌లో దించాలంటే, 90 రోజుల్లో వీళ్లని ఏదో ఒక దేశం తీసుకెళ్తుందని ముందు హామీ కాగితం చూపించాలి. లేకపోతే ఓడని లంగరేయనివ్వరు. నార్వే జెండా ఓడ అయితే నార్వే ఇస్తుంది. లైబీరియా, పనామా లాంటి పేరుకే జెండా ఇచ్చే దేశాల ఓడ అయితే ఎవరిస్తారు? రోజుకి వేల డాలర్ల నష్టం, ఓనర్‌కి టెలెక్స్ మీద టెలెక్స్, కెప్టెన్‌కి టెన్షన్. అందుకే జెనీవా తర్వాత కొన్ని దేశాలు కలిసి, అలాంటి జెండాల ఓడలు ఎక్కించుకున్నవాళ్ల బాధ్యత మేం పంచుకుంటాం అని ఒక ఏర్పాటు చేశాయి. 1985లో దానికి తోడు ఇంకోటి వచ్చింది. మేం ఎక్కించుకున్నవాళ్లు ఆ మొదటి ఏర్పాటు కిందే దిగారు. ఏజెంట్ పడవలో ఫారాలు తెచ్చి డెక్ మీదే నింపించాడు. మా కంపెనీ ఆఫీసు వాడు మాత్రం ఆలస్యానికి కెప్టెన్‌ని సంజాయిషీ అడిగాడు.

పుల్లవిరుపు గారూ, మీరు సూత్రం మాట్లాడుతున్నారు. ఆ ఫారం లేకపోతే తర్వాతి ఓడ ఆగదు.

గ్రూప్‌వన్_ఆశ
సరంగు గారూ, ఇది ఏ పుస్తకంలోనూ లేదండీ. సముద్రపు దొంగల గురించి కూడా విన్నాను, అది నిజమేనా?

సరంగు
నిజమేనమ్మా. థాయి గల్ఫ్‌లో చేపల పడవలవాళ్లే కొందరు ఆ పనికి దిగారు. బంగారం కోసం మొదలై ఆడపిల్లల దాకా వెళ్లింది. 1982లో దాతల డబ్బుతో థాయి నౌకాదళానికి గస్తీ పథకం పెట్టారు. అంతకన్నా వివరంగా ఇక్కడ రాయను.

జాబిల్లి_శాన్‌హోసే
ఆలస్యంగా వచ్చాను. వియత్నాం బయట వియత్నామీయులు ఎక్కువగా ఉన్న నగరం మా శాన్ హోసే. ఇక్కడ మన తెలుగువాళ్లకి, వాళ్లకి ఒకే స్కూళ్లు, ఒకే కూరగాయల మార్కెట్లు. మునక్కాడలు, కాకరకాయలు మాకు దొరికేది వాళ్ల కొట్లలోనే.

నాకు తెలిసిన పెద్దవాళ్లు ఎక్కువగా చెప్పేది పడవ గురించి కాదు, శిబిరంలో ఇంటర్వ్యూ గురించి. ఒక బల్ల వెనక అమెరికా వాడు, ఇంకో బల్ల వెనక ఆస్ట్రేలియా, కెనడా. పాత ప్రభుత్వంలో, అమెరికన్ ఆఫీసులో పనిచేశావా, చుట్టాలు ఎక్కడున్నారు, ఇంగ్లీషు, ఫ్రెంచి వచ్చా, ఆరోగ్యం ఎలా ఉంది. చదువు, వయసు, ఒళ్లు బాగున్నవాళ్లు ముందు వెళ్లిపోయారు. టీబీ ఉన్నవాళ్లని, వికలాంగులని స్వీడన్, డెన్మార్క్, నార్వే, స్విట్జర్లాండ్ లాంటివి పిలిచి మరీ తీసుకున్నాయి. ఒక్కో కుటుంబం మూడు ఖండాల మధ్య చీలిపోయింది.

కెనడా మాత్రం ఒక పని వేరుగా చేసింది. ఐదుగురు కలిసి, లేదా ఒక చర్చి ముందుకొచ్చి ఒక కుటుంబం ఏడాది ఖర్చు పెట్టుకుంటామంటే చాలు. ప్రజలు తీసుకునే ప్రతి మనిషికీ జతగా ప్రభుత్వం ఒకరిని తీసుకుంటానంది. జనం స్పందన చూసి ప్రభుత్వమే కంగారుపడింది. 1986లో నాన్సెన్ పతకం (శరణార్థులకి సేవ చేసినవాళ్లకి ఐరాస సంస్థ ఇచ్చేది) కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చారు. కోటాల దౌత్యం అంటారు గానీ, ఆ కోటా నింపింది పక్కింటివాళ్లు.

పుల్లవిరుపు
బాగుంది. ఇప్పుడు ఆశ గారి అసలు ప్రశ్నకి రండి. అంత బాగా పనిచేస్తే 1989లో మళ్లీ ఎందుకు?

గోదావరిగట్టు
ఎందుకంటే బేరంలో ఒక బొక్క ఉంది. 1979 నుంచి పడవ దిగిన ప్రతివాడూ శరణార్థే, ఎవరూ విచారించరు. దిగితే చాలు, ఇవాళ కాకపోతే రేపు విమానం. ఎనిమిదేళ్లు అలా నడిచాక పశ్చిమ దేశాలు విసిగిపోయాయి, కోటాలు తగ్గాయి. 1987, 88ల్లో మళ్లీ పడవలు పెరిగాయి. హాంకాంగ్‌కి ఉత్తర వియత్నాం రైతులు, జాలర్లు రావడం మొదలైంది. వాళ్లు పాత సైగాన్ ప్రభుత్వం మనుషులు కారు, బీదరికం తట్టుకోలేక వచ్చినవాళ్లు ఎక్కువ.

హాంకాంగ్ మొదట తెగించింది. 1988 జూన్ 16 తర్వాత వచ్చినవాళ్లు తాము శరణార్థులమని నిరూపించుకోవాలంది. 1989 జూన్ 13, 14 తేదీల్లో జెనీవాలో అదే పద్ధతిని ఆ ప్రాంతమంతటికీ ఒప్పుకున్నారు. చాలా దేశాల్లో మార్చి 14ని గడువుగా పెట్టారు. అంతకుముందు వచ్చినవాళ్లకి పునరావాసం. తర్వాత వచ్చినవాళ్లకి విచారణ, నెగ్గితే విమానం, ఓడితే ఇంటికి. అమలు కమిటీని నడిపింది సెర్జియో వియెరా ద మెల్లో, తర్వాత 2003లో బాగ్దాద్ పేలుడులో చనిపోయిన ఆయనే.

పుల్లవిరుపు
ఇంటికి ఎలా పంపారో కూడా రాయండి. 1989 డిసెంబరు 12న తెల్లవారుజామున హాంకాంగ్ శిబిరంలోంచి 51 మందిని, ఆడవాళ్లు, పిల్లలతో సహా, పోలీసులు లారీలెక్కించి విమానంలో హనోయ్ పంపారు. బలవంతంగా పంపడం అన్యాయమని అమెరికా గగ్గోలు పెట్టింది. అదే అమెరికా 1981 నుంచి హైతీ పడవల్ని సముద్రంలోనే ఆపి వెనక్కి పంపుతోంది. అప్పుడు హాంకాంగ్‌ని ఏలుతున్న బ్రిటన్ ఆ మాట ముఖం మీదే అంది.

విచారణ మాత్రం? నెగ్గింది వందకి 28 మంది. ఒకే ఊరినుంచి, ఒకే కారణంతో వచ్చిన అన్నదమ్ముల్లో ఒకడు నెగ్గడం, ఒకడు ఓడడం. కొన్ని చోట్ల లంచాల ఆరోపణలు. శిబిరాల్లో ముళ్లకంచె, నిరాహారదీక్షలు, అల్లర్లు. పదేళ్ల కిందట బిస్కెట్లిచ్చిన చేతులే.

జాబిల్లి_శాన్‌హోసే
ఒక్క విషయం కలపాలి. ఆ సమయంలోనే రెండో తలుపు పెద్దది అయింది. 1979లో మొదలైన విమానాల పద్ధతి చాలా ఏళ్లు నత్తనడక నడిచింది. అమెరికా జాబితాలో ఉన్న పేర్లు హనోయ్ జాబితాలో ఉండవు, వాళ్ల జాబితాలోవి వీళ్లకి అక్కర్లేదు. 1987లో అమెరికన్ సైనికులకి పుట్టిన పిల్లల కోసం చట్టం వచ్చింది. 1989 జూలైలో పునర్విద్య పేరుతో నడిపిన నిర్బంధ శిబిరాల్లో ఏళ్ల తరబడి మగ్గిన పాత సైనికాధికారులని కుటుంబాలతో సహా పంపడానికి ఒప్పందం కుదిరింది. ఆ పద్ధతి ముగిసేసరికి మొత్తం 6,23,509 మంది విమానంలో బయటికి వచ్చారు, అందులో 4,58,367 మంది అమెరికాకే. మా వీధి చివర ఫో (వియత్నాం నూడుల్స్ సూప్) హోటల్ ఆయన అలాగే వచ్చాడు. ఆయన సముద్రమే చూడలేదంటాడు.

గోదావరిగట్టు
నేను చెప్పదలచుకున్నది కూడా అదే జాబిల్లి గారూ. 1989లో సుమారు 70,000 మంది పడవల్లో వచ్చారు. 1992లో ఎంతమందో తెలుసా? 41. వేలు కాదు, 41 మంది. వెళ్లడానికి సక్రమమైన దారి ఒకటి తెరిచి, పడవకి ఫలం లేకుండా చేస్తే ఆ పడవ బయల్దేరలేదు. పుల్లవిరుపు గారు చెప్పిన క్రూరత్వాలు నిజమే. కానీ విచారణ ఒక్కటే పెట్టి ఆ విమానాలు లేకపోయి ఉంటే, ఆ 41 కాగితం మీద ఉండేది, సముద్రంలో కాదు.

పుల్లవిరుపు
దానికి వియత్నాం కూడా 1986 నుంచి ఆర్థిక విధానం మార్చుకుంది. 1994లో ఆంక్షలు పోయాయి, 1995లో అమెరికాతో సంబంధాలు వచ్చాయి. ఇంట్లో అన్నం ఉంటే పడవ ఎవరెక్కుతారు? ఘనత అంతా సమావేశాలకి ఇవ్వకండి.

గోదావరిగట్టు
సగం మీకు, సగం నాకు. ఒప్పుకుంటారా?

పుల్లవిరుపు
అరవై, నలభై.

కాగజ్‌నగర్_బాబు
చివరికి మిగిలినవాళ్లు ఏమయ్యారన్నా?

గోదావరిగట్టు
1996 జూన్ 30న పథకం మూసేశారు. 1,09,000 మందికి పైగా వెనక్కి వెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది చిన్న మొత్తం చేతిలో పట్టుకుని తమంతట తామే వెళ్లారు. ఫిలిప్పీన్స్ మాత్రం అక్కడి కాథలిక్ చర్చి అడ్డం పడటంతో మిగిలినవాళ్లని పలావన్‌లో ఉండనిచ్చింది. 2005 తర్వాత వాళ్లలో చాలామందిని అమెరికా తీసుకుంది. హాంకాంగ్ చివరి శిబిరం 2000లో మూసి, ఎవరూ తీసుకోని 1,400 మంది దాకా జనానికి నివాస హక్కు ఇచ్చింది. ఖర్చు కింద శరణార్థుల సంస్థ హాంకాంగ్‌కి బాకీపడ్డ 116 కోట్ల హాంకాంగ్ డాలర్లు మాత్రం రాలేదు.

గ్రూప్‌వన్_ఆశ
చివరి ప్రశ్న అండీ. 2015 మేలో రోహింగ్యాల పడవలని థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు కదా. అప్పుడు కూడా మలేషియా, ఇండోనేషియా "ఏడాది ఉంచుకుంటాం, ఈలోపు మిగతా ప్రపంచం తీసుకెళ్లాలి" అన్నాయి. అది 1979 బేరమే కదా?

సరంగు
షరతు అదేనమ్మా, ఎదుటి పక్షమే లేదు. 1979లో ఎదుట ఓడిన యుద్ధం భారం మోస్తున్న అమెరికా ఉంది, సోవియట్ స్నేహితుడు వియత్నాంని ప్రపంచం ముందు ఎండగట్టాలన్న అవసరం కూడా ఉంది. రోహింగ్యాల కోసం నెలకి 14,000 మందిని తీసుకుంటానన్న దేశం ఏదీ లేదు. ఆపుతామనో, పద్ధతిగా పంపుతామనో మయన్మార్ మాటివ్వలేదు, వాళ్లు మా పౌరులే కాదంటుంది. నీ జవాబులో ఈ రెండూ రాయి, మార్కులు వస్తాయి.